క్యామ్‌కార్డర్ ఫైలు ఎడిటర్‌లో పనిచేయకపోతే: సాఫ్ట్‌వేర్ మార్చాలా, ఫైలు మార్చాలా?

పాత క్యామ్‌కార్డర్ మెమరీ కార్డును కంప్యూటర్‌లో పెట్టి, క్లిప్పులన్నీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి లాగారు. ఒకరికి బొమ్మ వచ్చింది, శబ్దం రాలేదు. ఇంకొకరికి శబ్దం వస్తోంది కానీ బొమ్మ ఉండాల్సిన చోట నల్లటి తెర. మరొకరికి రెండూ వచ్చాయి, ప్లే నొక్కితే మాత్రం రెండడుగులు వేసి ఆగిపోతోంది. ముగ్గురూ ఇంటర్నెట్‌లో వెతికేది ఒక్కటే: ఎంపీ4లోకి మార్చే కన్వర్టర్. మూడు జబ్బులకూ ఒకటే మందు అన్నమాట. ఆ మందు చాలాసార్లు పనిచేస్తుంది కూడా. కానీ వేసిన ప్రతిసారీ వీడియోలోంచి కొంత పోతుంది, పోయింది మళ్లీ రాదు.

ఇది నేను తెలుసుకున్న తీరు చెబుతాను. మా అక్క కూతురు నడక నేర్చుకుంటున్న రోజుల్లో తీసిన 40 క్లిప్పులు నా దగ్గర ఉండేవి. ఎడిటర్‌లో తెరుచుకోవడం లేదని ఒక ఉచిత కన్వర్టర్‌లో అన్నీ ఒకేసారి వేసి, 720 సైజు ఎంపీ4లుగా మార్చాను. ఫోన్‌లో బాగానే కనిపించాయి. కార్డులో చోటు కావాలని అసలు ఫైళ్లు తీసేశాను. తర్వాత టీవీలో పెట్టి చూస్తే, పాప పరుగెత్తిన ప్రతిచోటా కాళ్ల అంచుల్లో దువ్వెన పళ్లలాంటి అడ్డగీతలు. ఏ ఫిల్టరూ వాటిని పూర్తిగా తీయలేకపోయింది. అసలు ఫైళ్లు ఉండి ఉంటే అది చాలా చిన్న పని. అందుకే ఈ విషయంలో గట్టిగా చెబుతున్నాను: ఫైలును ఎంత తక్కువ ముట్టుకుంటే అంత మంచిది. కింద చెప్పే దారులన్నింటినీ నేను ఆ లెక్కలోనే పోలుస్తాను.

ముందు లోపల ఏముందో చూడండి

ఎంటీఎస్, ఎంపీ4, ఎంఓవీ, ఏవీఐ అని ఫైలు పేరు చివర కనిపించేది పెట్టె పేరు మాత్రమే. ఆ పెట్టెలో వీడియో ఒకటి, ఆడియో ఒకటి విడివిడిగా ఉంటాయి. వాటిని ఏ పద్ధతిలో కుదించి పెట్టారో దాన్ని కోడెక్ అంటారు. మీ ఎడిటర్‌కు పెట్టె తెరవడం రాకపోవచ్చు. పెట్టె తెరిచాక లోపలి వీడియో అర్థం కాకపోవచ్చు. వీడియో అర్థమై ఆడియో అర్థం కాకపోవచ్చు. ఈ మూడింట్లో ఏది జరుగుతోందో తెలియకుండా మందు వేయడం వల్లే నష్టమంతా.

తెలుసుకోవడానికి మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. మామూలు ఏవీసీహెచ్‌డీ క్లిప్పును అందులో వేస్తే ఇలా కనబడుతుంది: పెట్టె బీడీఏవీ, వీడియో ఏవీసీ, అంటే హెచ్.264, సైజు 1920×1080, సెకనుకు 25 ఫ్రేములు, స్కాన్ ఇంటర్‌లేస్డ్, ఫీల్డ్ వరుస టాప్ ఫస్ట్, ఆడియో ఏసీ-3, రెండు చానళ్లు, 48 కిలోహెర్ట్జ్. ఇందులో నేను ముందుగా చూసేది స్కాన్, ఆడియో అనే రెండు వరుసలు. స్కాన్ అంటే ఫ్రేమ్‌లోని గీతల్ని ఎలా తీశారన్నది, దాని సంగతి దువ్వెన గీతల దగ్గర చెబుతాను. గొడవ ఎక్కువగా అక్కడే ఉంటుంది.

వీఎల్‌సీలో ప్లే అవుతోంది కదా, ఎడిటర్‌లో ఎందుకు కాదు అని చాలామంది అడుగుతారు. ప్లేయర్ వీడియోను మొదటి నుంచి చివరికి వరుసగా చూపిస్తే చాలు. ఎడిటర్ అయితే మీరు ఏ ఫ్రేమ్ మీద వేలు పెడితే ఆ ఫ్రేమ్‌ను అప్పటికప్పుడు చూపించాలి, వెనక్కి కూడా నడవాలి. పైగా వీఎల్‌సీ తన డీకోడర్లను తనతోనే తెచ్చుకుంటుంది. కొన్ని ఎడిటర్లు ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉన్నవాటి మీద ఆధారపడతాయి. అయినా వీఎల్‌సీలో ప్లే అయిందంటే ఒక మంచి కబురే: ఫైలు చాలావరకు బాగానే ఉంది.

మీ క్యామ్‌కార్డర్ ఏ తరానిది?

టేపు మీద రాసే మినీడీవీ తరం 1995లో మొదలైంది. వీడియో సెకనుకు 25 మెగాబిట్లు, కంప్యూటర్‌లోకి తెస్తే గంటకు దాదాపు 13 జీబీ. ఇందులో ప్రతి ఫ్రేమూ దానికదే పూర్తిగా ఉంటుంది కాబట్టి ఎంత పాత కంప్యూటర్ అయినా హాయిగా ఎడిట్ చేస్తుంది, దాదాపు ప్రతి ఎడిటరూ తెరుస్తుంది. కష్టమంతా టేపులోంచి బయటికి తేవడంలోనే. దానికి ఫైర్‌వైర్ పోర్టు కావాలి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో అది ఉండదు. ఒకవైపు యూఎస్‌బీ, మరోవైపు ఫైర్‌వైర్ పిన్ను ఉండే చవక అడాప్టర్లు కనిపిస్తాయి, వాటిని కొనకండి. ఆ రెండు పద్ధతులూ మాట్లాడుకునే భాషలే వేరు, పిన్ను మారినంత మాత్రాన పనిచేయవు. డెస్క్‌టాప్‌లో ఫైర్‌వైర్ కార్డు వేయించుకోవడమో, ఆ పోర్టు ఉన్న పాత కంప్యూటర్‌ను ఈ పనికి వాడుకోవడమో నయం. పసుపు, ఎరుపు, తెలుపు తీగలతో యూఎస్‌బీ క్యాప్చర్ డబ్బాలోకి తీయడం ఆఖరి మార్గం. డిజిటల్‌గా ఉన్నదాన్ని అనలాగ్ చేసి మళ్లీ డిజిటల్ చేస్తున్నారు కాబట్టి రంగు, పదును రెండూ తగ్గుతాయి.

2003లో వచ్చిన హెచ్‌డీవీ అదే టేపు మీద హై డెఫినిషన్‌ను ఎంపెగ్-2లో రాసింది. 1080 రకంలో ఫ్రేమ్ నిజంగా 1440×1080 ఉంటుంది, చూపేటప్పుడు వెడల్పుగా సాగదీయాలి. ఎడిటర్ ఆ సంగతి గుర్తించకపోతే మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తారు. అలా కనిపిస్తే ఫైలును మార్చక్కర్లేదు, క్లిప్ లక్షణాల్లో పిక్సెల్ ఆస్పెక్ట్ రేషియోను 1.333 చేస్తే సరిపోతుంది.

హార్డ్ డిస్క్ క్యామ్‌కార్డర్ల ఎంఓడీ ఫైళ్లది చిత్రమైన కథ. లోపల ఉన్నది మామూలు ఎంపెగ్-2. చాలాసార్లు ఫైలు పేరు చివర ఎంఓడీ తీసి ఎంపీజీ అని రాస్తే చాలు, ఎడిటర్ తెరిచేస్తుంది. కన్వర్టర్‌తో పనే లేదు. అయితే వెడల్పు తెరలో తీసిన కొన్ని ఫైళ్లు 4:3 అని తప్పుగా చెప్పుకుంటాయి. అక్కడా ఎడిటర్‌లో ఆస్పెక్ట్ మార్చుకోవాలి. చిన్న డీవీడీ మీద రాసే క్యామ్‌కార్డర్ అయితే డిస్కును అదే క్యామ్‌కార్డర్‌లో ఫైనలైజ్ చేయకుండా, అంటే వేరే యంత్రాలు చదవగలిగేలా ముగించకుండా, బయటికి తీయకండి, కంప్యూటర్‌కు ఆ డిస్కు ఖాళీగా కనిపించవచ్చు.

ఇళ్లలో ఎక్కువగా మిగిలి ఉన్నది 2006లో సోనీ, పానాసోనిక్ కలిసి తెచ్చిన ఏవీసీహెచ్‌డీ. మొదట్లో సెకనుకు గరిష్ఠంగా 24 మెగాబిట్లు. 2011లో 28కి పెంచి, 50, 60 ప్రోగ్రెసివ్ ఫ్రేములను, అంటే గీతలన్నీ ఒకేసారి తీసిన పూర్తి ఫ్రేములను కూడా చేర్చారు. దీనితో వచ్చే మొదటి ఇబ్బంది కోడెక్ కంటే ముందే, కాపీ చేసే దగ్గరే మొదలవుతుంది. కార్డులో ప్రైవేట్, దాని లోపల ఏవీసీహెచ్‌డీ, దాని లోపల బీడీఎంవీ, దాని లోపల స్ట్రీమ్ అనే ఫోల్డర్లు ఉంటాయి. ఎంటీఎస్ ఫైళ్లు ఆ చివరి ఫోల్డర్‌లో దొరుకుతాయి. చాలామంది అవి మాత్రమే కాపీ చేసుకుని మిగతావి చెత్త అనుకుంటారు. కానీ పొడుగు రికార్డింగును క్యామ్‌కార్డర్ 2 జీబీ లేదా 4 జీబీ ముక్కలుగా విడగొడుతుంది. ఏ ముక్క తర్వాత ఏది అనే సమాచారం ఆ మిగతా ఫోల్డర్లలోనే ఉంటుంది. ముక్కల్ని విడివిడిగా టైమ్‌లైన్ మీద పేర్చితే అతుకు దగ్గర శబ్దం ఒక్క క్షణం తెగుతుంది. పాట మధ్యలో అతుకు పడితే చెవికి వెంటనే తెలుస్తుంది. అందుకే కార్డు మొత్తాన్ని ఉన్నది ఉన్నట్టు ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి, ఎడిటర్‌లోని మీడియా బ్రౌజర్ ద్వారా తెరవండి. లేదంటే క్యామ్‌కార్డర్‌తో ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌తోనే దించుకోండి. ఎడిటింగ్‌కు అది ఎంత పనికిమాలినదైనా, ముక్కల్ని సరిగ్గా అతికించడం మాత్రం దానికి బాగా వచ్చు.

ఈమధ్య తరం క్యామ్‌కార్డర్లు ఎంపీ4 పెట్టెలో హెచ్.264, హెచ్.265 రాస్తున్నాయి. పెట్టె తెరుచుకోవడం సులువే. ఇక్కడ బరువంతా కంప్యూటర్ మీద పడుతుంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

అయిదు దారులు, నా వరుసలో

మొదటి దారి, ఫైలును అలాగే ఉంచి ఎడిటర్‌ను మార్చడం. కేడెన్‌లైవ్, షాట్‌కట్ రెండూ ఉచితం. రెండూ ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే డీకోడర్ల గుట్ట మీద కట్టినవే. అందుకే ఎంటీఎస్, ఎంఓడీ, డీవీ, ఏసీ-3 ఆడియో, ఏది ఇచ్చినా సాధారణంగా కాదనవు. ఇంటి వీడియోలు కత్తిరించి అతికించి, పేర్లు, సంగీతం వేసుకునేవారికి నా మొదటి సలహా ఇదే. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ రంగులు దిద్దడంలో వీటికంటే చాలా పైమెట్టు. కానీ తిండి విషయంలో దానికి పట్టింపులెక్కువ. ఏవీసీహెచ్‌డీ క్లిప్పుల్లో శబ్దం రాలేదన్న మాట దాని వాడుకరుల నోట తరచూ వినిపిస్తుంది. లైనక్స్‌లో ఉచిత వెర్షన్ ఏళ్లపాటు హెచ్.264ను తెరవనేలేదు. డబ్బు కట్టి వాడే ప్రీమియర్ ప్రో, మ్యాక్‌లో ఉండే ఫైనల్ కట్ ప్రో ఏవీసీహెచ్‌డీని బాగానే తీసుకుంటాయి, ముఖ్యంగా కార్డు ఫోల్డర్లు చెక్కుచెదరకుండా ఉంటే. అయితే పాత క్విక్‌టైమ్ కోడెక్‌లు ఉన్న ఎంఓవీ ఫైళ్ల దగ్గర జాగ్రత్త. ప్రీమియర్ ప్రో 2018లో వాటికి మద్దతు తీసేసింది. 2019లో వచ్చిన మ్యాక్ఓఎస్ క్యాటలీనాతో మ్యాక్‌లోనూ అవి పోయాయి.

రెండో దారి, నాకు బాగా ఇష్టమైనది, పెట్టె మార్చడం. దీన్ని రీవ్రాప్ అంటారు. వీడియోను మళ్లీ కుదించకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టే ఒక పెట్టెలోంచి తీసి ఇంకో పెట్టెలో పెడతారు. నాణ్యత ఒక్క చుక్క కూడా తగ్గదు. గంట వీడియో కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, ఎందుకంటే ఇది ఒక రకంగా కాపీ చేయడమే. షట్టర్ ఎన్‌కోడర్, లాస్‌లెస్‌కట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఈ పని మౌస్‌తో అయిపోతుంది.

శబ్దం రాని ఏవీసీహెచ్‌డీకి సరైన మందు ఇదే. తప్పు ఏసీ-3 ఆడియోలో ఉంటే వీడియోను ఎందుకు హింసించాలి? వీడియోను కాపీ అని పెట్టి, ఆడియోను మాత్రం పీసీఎంలోకి మార్చి, ఎంఓవీ పెట్టెలో పెట్టించండి. పీసీఎం అంటే కుదించని శబ్దం. రెండు చానళ్లకు గంటకు దాదాపు 700 ఎంబీ పడుతుంది, అంతే. నేను ఇప్పుడు పాత ఎంటీఎస్ ఫైళ్లు వచ్చినప్పుడల్లా ముందు చేసేది ఈ ఒక్క పనే. పది క్లిప్పుల్లో అయిదారు దీనితోనే లొంగిపోతాయి.

మూడోది ప్రాక్సీ. ఎడిటర్ ప్రతి క్లిప్పుకూ ఒక చిన్న, తేలికపాటి నకలు తయారు చేస్తుంది. మీరు ఆ నకళ్లతో ఎడిట్ చేస్తారు, చివర్లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అసలు ఫైళ్లే వాడుతుంది. ఆగి ఆగి నడిచే క్లిప్పులకు ఇంతకంటే చక్కని దారి లేదు, నాణ్యతకు ఏ నష్టమూ ఉండదు. ఒక్క విషయం గుర్తుంచుకోండి: ప్రాక్సీ తయారవ్వాలంటే ఎడిటర్ అసలు ఫైలును చదవగలగాలి. అసలు తెరుచుకోని ఫైలుకు ప్రాక్సీ మందు కాదు. ఈ రెండింటినీ కలిపేసుకుని రోజంతా సెట్టింగులు మారుస్తూ కూర్చునేవారిని చూశాను.

నాలుగోది ఎడిటింగ్ కోసమే పుట్టిన కోడెక్‌లోకి మార్చడం. ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ ఇలాంటివే. వీటిలో ప్రతి ఫ్రేమూ విడిగా ఉంటుంది కాబట్టి టైమ్‌లైన్ వెన్నలా నడుస్తుంది. దాని ఖరీదు డిస్కులో చెల్లించాలి. 1080 సైజు, 25 ఫ్రేముల ప్రోరెస్ 422కు సెకనుకు దాదాపు 122 మెగాబిట్లు, అంటే గంటకు 55 జీబీ దాకా. అదే గంట ఏవీసీహెచ్‌డీలో 11 జీబీలోపే. అయిదు రెట్లు పెరిగినా బొమ్మ మెరుగుపడదు, దాదాపు ఉన్నది ఉన్నట్టు నిలుస్తుంది. ఎఫెక్టులు, రంగుల పని ఎక్కువగా ఉండి, ప్రాజెక్టు నెలల తరబడి సాగేదైతే ఈ దారి ఎంచుకోండి. అరగంట కుటుంబ వీడియోకు ఇంత అవసరం లేదు.

అయిదోది, మళ్లీ కుదించి ఎంపీ4 చేయడం. హ్యాండ్‌బ్రేక్ మంచి సాఫ్ట్‌వేరే. కానీ అది చూసేవాళ్ల కోసం ఫైళ్లు తయారు చేసేది. పెట్టె మాత్రమే మార్చే పని అది చేయదు, వీడియోను ఎప్పుడూ మళ్లీ కుదిస్తుంది. మీరు ఎడిట్ చేసి ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఇంకోసారి కుదింపు. రెండుసార్లు నలిగిన గుడ్డలా ఉంటుంది ఫలితం. ఎడిటింగ్ అయిపోయాక, పంచుకోవడానికి చిన్న ఫైలు కావాలంటే నిరభ్యంతరంగా వాడండి. ఎడిటింగ్‌కు ముందు మాత్రం మిగతా నాలుగూ కుదరనప్పుడే దీని జోలికి వెళ్లండి.

ఆ దువ్వెన గీతల సంగతి

ఇంటర్‌లేస్డ్ వీడియోలో ఒక ఫ్రేమ్ అంటే నిజానికి రెండు క్షణాల బొమ్మలు. బేసి గీతలు ఒక క్షణానివి, సరి గీతలు సెకనులో యాభయ్యో వంతు తర్వాతివి. ఈ గీతల గుంపు ఒక్కొక్కదాన్నీ ఫీల్డు అంటారు. కదలకుండా ఉన్న గోడ బాగానే కనిపిస్తుంది. పరుగెత్తే కాలు మాత్రం ఆ కొద్దిసేపట్లో జరిగిపోతుంది కాబట్టి అంచులు చీలి దువ్వెనలా తయారవుతాయి. పాత టీవీలు గీతల్ని వంతులవారీగా చూపేవి కాబట్టి ఇది బయటపడలేదు. ఇప్పటి తెరలు అన్నీ ఒకేసారి చూపిస్తాయి.

దీన్ని సరిచేయడాన్ని డీఇంటర్‌లేస్ అంటారు. అక్కడ మీకు రెండు ఎంపికలుంటాయి. 50ఐ వీడియోను, అంటే సెకనుకు 50 ఫీల్డులున్న ఇంటర్‌లేస్డ్ వీడియోను, 25 ఫ్రేములు చేయవచ్చు, 50 ఫ్రేములు చేయవచ్చు. చాలా సాఫ్ట్‌వేర్లు అడగకుండానే 25 చేస్తాయి. అంటే సగం కదలిక పోయినట్టే. పిల్లల ఆటలు, డ్యాన్సులు 50లో ఎంత జీవంగా ఉంటాయో 25లో అంతగా ఉండవు. నేనైతే 50నే ఎంచుకుంటాను. మీ క్యామ్‌కార్డర్ 60ఐలో తీసేదైతే 25, 50లకు బదులు 30, 60 అని చదువుకోండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఆధారంగా పనిచేసే సాఫ్ట్‌వేర్లలో బీడబ్ల్యూడిఫ్ అనే ఫిల్టర్ తక్కువ సమయంలో మంచి పని చేస్తుంది. క్యూటీజీఎంసీ అంతకంటే శుభ్రంగా చేస్తుంది కానీ చాలా నెమ్మది, ఏర్పాటు చేసుకోవడమూ కష్టం. ఏది వాడినా ఒక నియమం: డీఇంటర్‌లేస్ చేయకముందు సైజు మార్చకండి. మార్చితే గీతలు బొమ్మలో కలిసిపోతాయి. నా 40 క్లిప్పులకు జరిగింది అదే.

వీడియో గీతలతో కాకుండా ముందుకూ వెనక్కూ వణుకుతున్నట్టు కనిపిస్తే ఫీల్డ్ వరుస తప్పిందన్నమాట. డీవీ టేపు వీడియోకు కింది ఫీల్డు ముందు, హైడెఫినిషన్‌కు పై ఫీల్డు ముందు. రెండింటినీ ఒకే టైమ్‌లైన్‌లో కలిపినప్పుడు ఈ వణుకు తరచూ వస్తుంది. క్లిప్ లక్షణాల్లో మార్చుకోవచ్చు.

కంప్యూటర్ మార్చాల్సిందేనా?

హెచ్.264, హెచ్.265 వీడియోలో పూర్తి ఫ్రేములు అక్కడొకటి అక్కడొకటి ఉంటాయి. మధ్యవన్నీ "ముందు ఫ్రేముకు ఇంత తేడా" అని రాసిన లెక్కలే. ఒక్క ఫ్రేమ్ చూపాలంటే ఎడిటర్ వెనక ఉన్న పూర్తి ఫ్రేమ్ దాకా వెళ్లి లెక్క కట్టుకుంటూ రావాలి. ఈ పనికి గ్రాఫిక్స్ చిప్‌లో ప్రత్యేక భాగం ఉంటుంది. అది సాయం చేస్తే సులువు, చేయకపోతే భారమంతా ప్రాసెసర్ మీదే.

మెలిక ఏమిటంటే, ఆ భాగం అన్ని రకాల్నీ తీసుకోదు. మామూలు 8-బిట్ 4:2:0 వీడియోను చాలా కాలంగా దాదాపు ప్రతి చిప్పూ తీసుకుంటోంది (ఈ అంకెలు వీడియోలో రంగుల సమాచారం ఎంత ఉంచారో చెబుతాయి). ఖరీదైన క్యామ్‌కార్డర్లు రాసే 10-బిట్ 4:2:2 దగ్గరే తేడా. ఎన్‌విడియా కార్డుల్లో దీనికి సాయం 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరుసతోనే మొదలైంది. అంతకుముందు ఎంత పెద్ద కార్డు ఉన్నా ఈ ఫార్మాట్‌కు ప్రాసెసరే దిక్కు. ఇంటెల్ ప్రాసెసర్లలోని క్విక్‌సింక్ 11వ తరం నుంచీ, ఆపిల్ సొంత చిప్పులూ హెచ్.265 4:2:2ను తీసుకుంటున్నాయి. అందుకే గ్రాఫిక్స్ కార్డు కొనబోయే ముందు మీడియాఇన్ఫోలో 'క్రోమా సబ్‌శాంప్లింగ్' వరుస చూడండి. 4:2:0 అని ఉంటే మీ కంప్యూటర్‌లో లోపం వేరే చోట ఉండొచ్చు. 4:2:2 అని ఉంటే కొత్త కార్డు కంటే ముందు ప్రాక్సీ ప్రయత్నించండి, చాలామందికి దానితోనే పని జరిగిపోతుంది.

ఫోన్ వీడియోలు కలిపేవారికి ఇంకొక మాట. క్యామ్‌కార్డర్ ఫ్రేమ్‌రేటు స్థిరంగా ఉంటుంది. ఫోన్లలో అది వెలుతురును బట్టి అటూ ఇటూ అవుతుంది. రెండూ కలిపితే ఫోన్ క్లిప్పు చివరికొచ్చేసరికి పెదవులకూ మాటకూ పొంతన తప్పవచ్చు. అప్పుడు ఫోన్ క్లిప్పునే స్థిర ఫ్రేమ్‌రేటులోకి మార్చండి, క్యామ్‌కార్డర్ ఫైళ్లను కదపకండి.

కొనే ముందు ఇలా పరీక్షించండి

డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ట్రయల్ వెర్షన్లు ఉంటాయి. మీ దగ్గరున్న అన్నిటికంటే కష్టమైన క్లిప్పును ఎంచుకోండి: కదలిక బాగా ఉన్నది, ముక్కలుగా విడిపోయినంత పొడుగైనది. అలాంటిది లేకపోతే క్యామ్‌కార్డర్ ముందు నిలబడి చేయి ఊపుతూ, మధ్యమధ్యలో చప్పట్లు కొడుతూ ఒక నిమిషం తీసుకోండి. ఎడిటర్‌లోకి తెచ్చి శబ్దం వస్తోందా, చప్పట్లకూ చేతులకూ పొంతన ఉందా చూడండి. టైమ్‌లైన్ మీద వెనక్కి లాగి చూడండి. ఊపే చేతి అంచు దగ్గర ఆపి, పెద్దది చేసి, గీతలున్నాయేమో చూడండి. చివరగా ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలును టీవీలో పెట్టి ఇంకోసారి అదే చేయి దగ్గర ఆపండి. ఇదంతా అయ్యేదాకా కార్డును ఫార్మాట్ చేయకండి. కార్డు ఫోల్డర్ల పూర్తి నకలు ఒకటి వేరే డిస్కులో ఉంచుకోండి.